మా కలలకు తాబీర్ ఎవరు చెప్తారు?

తెలుగు సాహిత్య విమర్శలో 'కల' అంటే కల కాదు. కల అంటే ఆశయం. సమసమాజపు కల, స్వాతంత్ర్యపు కల, ప్రత్యేక రాష్ట్రపు కల. సభల్లో వక్తలు 'కలలు కనండి' అంటారు, 'కల సాకారమైంది' అంటారు. రాత్రి నిద్రలో వచ్చి, గుండెను దడదడలాడించి, తెల్లారి పళ్లు తోముకుంటున్నా వదలకుండా వెంట తిరిగే కల ఈ లెక్కలోకి రాదు. అది ముసలమ్మల సరుకు. పంచాంగాల చివరి పేజీల సరుకు. మా ఇళ్లలో అయితే ఫుట్‌పాత్ మీద అమ్మే ఖ్వాబ్‌నామాల సరుకు.

మేము మాట్లాడదలచుకున్నది ఈ రెండో రకం కల గురించి. ఇంకా చెప్పాలంటే కల గురించి కూడా కాదు, కల పోయాక మిగిలే దాని గురించి. భయమో, దుఃఖమో, సిగ్గో, ఎవరినో కలిసి వచ్చిన తడి ఏదో. 'నేను' అని రాద్దామనుకున్నాం గానీ మా ఇంట్లో కల ఎప్పుడూ ఒక్కరి సొత్తు కాలేదు. ఒకరికి వస్తే ఇల్లంతా మోసేది. కనుక 'మేము' అనే రాస్తున్నాం.

పదిహేనేళ్ల కింద ఒక జిల్లా కేంద్రంలో జరిగిన కథల సమావేశంలో మేము ఒక కథ చదివాం. అందులో మా దాదీమా ఉంది. ఆమెకు వచ్చే బావి కల ఉంది. కథ అయ్యాక అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్దమనిషి, బావి అంటే గతమనీ, ముస్లిం రచయితలు నవాబుల కాలపు గతంలోంచి బయటపడలేకపోవడానికి ఈ కథ ఒక ప్రతీక అనీ అన్నారు. ఇంకో మిత్రుడు, నిజంగా మా మేలు కోరేవాడే, కథ బాగుంది గానీ కలలూ శకునాలూ తగ్గిస్తే బాగుంటుంది, మూఢనమ్మకాలను ప్రోత్సహించినట్టవుతుంది అన్నాడు. ఇద్దరూ కలకు అర్థం చెప్పారు. ఆ కల చూసి లేచిన ముసలామె పొద్దున్నే ఏం చేసేదన్నది కథలో నాలుగు వాక్యాల్లో రాశాం. దాని గురించి ఒక్కరూ అడగలేదు.

మా దాదీమాది బీదర్ వైపు. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగినప్పుడు ఆమెకు పదమూడేళ్లు. ఆ తర్వాత కొన్నాళ్లకు బంధువులతో కలిసి నల్లగొండ వైపు వచ్చేసింది, ఇక్కడే నిఖా అయింది. అక్కడ ఏం జరిగిందో ఆమె మాకు ఎన్నడూ చెప్పలేదు. కొన్ని పొద్దుల్లో మాత్రం, 'బావ్డీ కా ఖ్వాబ్ ఆయా, బేటా' అనేది. అంతే. ఆ రోజు ఆమె నీళ్లు తోడేది కాదు. ఇంట్లోకి నల్లా వచ్చాక కూడా ఆ రోజు బిందె ముట్టేది కాదు. నల్లా తిప్పి, ధార కింద చెయ్యి పెట్టి, వంగి, పెదాలు కదిలిస్తూ ఏదో చెప్పేది. పాడు కలను పారే నీళ్లకు చెబితే కొట్టుకుపోతుందని ఆమె నమ్మకం. మేము పిల్లలం పక్కన నిలబడి వినబోయేవాళ్లం. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు.

ఆ నెలల్లో హైదరాబాద్ రాజ్యంలో చనిపోయిన వాళ్ల సంఖ్య 27 వేల నుంచి 40 వేల దాకా ఉండొచ్చని పండిత సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ప్రభుత్వమే పంపిన కమిటీ అది. ఆ నివేదిక మామూలు పాఠకుడి చేతికి అందింది 2013లో. అంటే అరవై అయిదేళ్లు. ఈ అరవై అయిదేళ్లూ ఆ నివేదిక మా ఇంట్లో నల్లా నీళ్లలో కలిసిపోతూ వచ్చింది. మా దాదీమా బావిలో ఏముందో మేము ఊహించగలం. ఊహించి రాయదలచుకోలేదు. ఆమె నీళ్లకే చెప్పుకుంది, మాకు చెప్పలేదు.

కలకు అర్థం చెప్పడాన్ని మేము తాబీర్ అంటాం. ముస్లిం ఇళ్లలో ఈ మాట వినగానే గుర్తొచ్చేది హజ్రత్ యూసుఫ్ కథ. ఖురాన్‌లో పన్నెండో అధ్యాయం. మన క్రైస్తవ మిత్రులకు యోసేపుగా తెలిసినవాడే. పదకొండు నక్షత్రాలు, సూర్యుడు, చంద్రుడు తనకు మోకరిల్లినట్టు కల వచ్చిందని పిల్లవాడు తండ్రికి చెబుతాడు. యాఖూబ్ ప్రవక్త. కలల జ్ఞానం తెలిసినవాడు. అయినా ఆయన నోట వచ్చిన మొదటి మాట తాబీర్ కాదు, జాగ్రత్త. నీ అన్నలకు చెప్పకు, నీకు కీడు తలపెడతారు అంటాడు. కల ఏమిటన్నది తర్వాతి సంగతి, ముందు కల కన్న పిల్లవాడి సంగతి.

అదే అధ్యాయంలో ఇంకోచోట రాజుకు కల వస్తుంది. ఏడు బలిసిన ఆవుల్ని ఏడు బక్క ఆవులు తినేస్తుంటాయి. దర్బారులోని పెద్దలు అవి కలగాపులగపు కలలని, అలాంటి వాటికి తాబీర్ తమకు తెలియదని తేల్చేస్తారు. ఉర్దూ తర్జుమాల్లో దీనికి 'పరేషాన్ ఖ్వాబ్' అన్న మాట కనిపిస్తుంది. ఫారసీలో పరేషాన్ అంటే చెదిరిపోయిన అని. తెలంగాణ తెలుగులో పరేషాన్ అంటే దిగులు. రెండు భాషల మధ్య బతికే మాలాంటి వాళ్లకు ఈ మాట రెండు చెవుల్లో రెండు రకాలుగా వినపడుతుంది. దర్బారు 'చెదిరిన కల' అన్నది, ఆవు పిడకల దగ్గర కూర్చున్న మా దాదీమాకు 'దిగులు కల'. మా ఖర్మ ఏమంటే తెలుగు సాహిత్యంలో మాకు దర్బారు పెద్దలు దొరికారు గానీ యాఖూబ్‌లు దొరకలేదు.

ఆ కథలో మరొక సంగతిని మేము చాలా ఆలస్యంగా గమనించాం. నక్షత్రాల కలకు తాబీర్ చివరికి చెప్పింది ఎవరు? తండ్రి కాదు. ఎన్నో ఏళ్ల తర్వాత, బావినీ బానిసత్వాన్నీ జైలునూ దాటి వచ్చాక, అమ్మానాన్నలూ అన్నలూ ఎదుట వంగినప్పుడు, ఇదీ నా నాటి కల అర్థం అని యూసుఫే చెప్పుకుంటాడు. కల ఎవరిదో తాబీర్ కూడా వాళ్లదే.

బస్రాలో ఎనిమిదో శతాబ్దంలో కన్నుమూసిన ఇబ్నె సీరీన్ పేరు మీద మన ఖ్వాబ్‌నామాలన్నీ నడుస్తుంటాయి. ఆ పుస్తకాలు ఆయన రాసినవి కావనీ, తర్వాతి కాలం వాళ్లు ఆయన పేరు తగిలించారనీ పండితులు చెబుతారు. అది వేరే చర్చ. ఆయన గురించి చెప్పుకునే ఒక కథ మాత్రం విమర్శకులందరూ వినదగ్గది. ఇద్దరు మనుషులు వేర్వేరుగా వచ్చి, అజాఁ ఇస్తున్నట్టు కల వచ్చిందని చెప్పారట. ఒకరికి నువ్వు హజ్‌కు పోతావన్నాడు. రెండో అతనికి నువ్వు దొంగతనంలో దొరుకుతావన్నాడు. ఒకే కలకు రెండు తాబీర్‌లేమిటని శిష్యులు అడిగితే, వాళ్ల ముఖాలూ వాలకాలూ చూసి చెప్పానన్నాడట.

ఇబ్నె సీరీన్ ముఖం చూశాడు. మన విమర్శకుడు పేరు చూస్తాడు. పాడుబడ్డ కోట ఒక శర్మగారి కలలోకి వస్తే అది కాలం గురించిన వేదన. అదే కోట ఒక షేక్ కలలోకి వస్తే నిజాం మీద మోజు. తప్పిపోయిన రైలు అందరి కలల్లోకీ వస్తుంది. మావాడి కలలోకి వస్తే ఆ రైలు ఎటు పోతోందని అడుగుతారు. అజంతా 'స్వప్నలిపి'కి 1997లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, రావలసిందే. ఆ పుస్తకంలోని భయాలను ఆధునిక మానవుడి భయాలుగా చదివారు. అంతవరకు మాకేమీ అభ్యంతరం లేదు. ఆ ఆధునిక మానవుడి సంచిలో మా భయాలకు చోటెందుకు ఉండదన్నదే మా ప్రశ్న. మా భయాలు ఎప్పుడూ 'ఒక వర్గపు అభద్రత' దగ్గరే ఆగిపోతాయెందుకు?

ఇందులో మా తప్పూ ఉంది. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. 'జల్‌జలా' కవితా సంకలనం 1998లో వచ్చింది. ఆ రెంటి మధ్య బాబ్రీ మసీదు కూలింది. ఆ కవిత్వం మాలాంటి వాళ్లకు వెన్నెముక ఇచ్చింది. డిగ్రీ చదివే రోజుల్లో మేము హాస్టల్ గదిలో తలుపు వేసుకుని గట్టిగా చదువుకున్న కవిత్వం అది. అయితే అది మెలకువ కవిత్వం. కళ్లు పెద్దవి చేసి, ఎదుటివాడి కళ్లలోకి చూసి వాదించే కవిత్వం. నిందితుడి బోనులో నిలబడ్డవాడు సాక్ష్యాలు చూపిస్తాడు గానీ రాత్రి వచ్చిన కల చెప్పడు కదా. చెబితే అదే సాక్ష్యమైపోతుంది. అలా మా మొదటి తరం రచయితలు పగలు రాశారు, రాత్రి మింగేశారు. అప్పటి అవసరం అది. అయితే ఆ అలవాటు అవసరం తీరిన చోట కూడా మిగిలిపోయింది. మా పుస్తకాల్లో ముస్లిం స్త్రీ పర్దా గురించి మాట్లాడుతుంది, తలాఖ్ గురించి మాట్లాడుతుంది, పేదరికం గురించి మాట్లాడుతుంది. ఆమెకు రాత్రి ఏ కల వచ్చిందో చెప్పేవి మాకు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా కనిపించవు.

ఉర్దూలో ఈ లోటు లేదా? ఉన్నది వేరే లోటు. ఇక్బాల్ 'మా కా ఖ్వాబ్' తీసుకుందాం. 1924లో వచ్చిన 'బాంగె దరా'లోని పిల్లల పద్యం. ఉర్దూ మీడియంలో చదివిన వాళ్లెవరిని లేపి అడిగినా అప్పజెబుతారు. దీని మూలం విలియమ్ బార్న్స్ అనే ఇంగ్లిష్ కవి పద్యం అంటారు. తల్లికి కల వస్తుంది. చీకటి, దారి కనిపించదు, అడుగు తీసి అడుగు వెయ్యాలంటే వణుకు. కొంచెం ధైర్యం చేసి ముందుకు పోతే పచ్చల రంగు బట్టలు వేసుకున్న పిల్లల వరస, చేతుల్లో వెలిగే దీపాలు. చడీచప్పుడూ లేకుండా ఎక్కడికో నడిచిపోతున్నారు. వరసలో వెనకపడ్డవాడు తన కొడుకు. వాడి దీపం వెలగడం లేదు. నన్ను వదిలి ఎట్లా పోయావురా, రోజూ నీకోసం ఏడుస్తున్నానే అని తల్లి నిష్ఠూరమాడుతుంది. పిల్లవాడు ముఖం తిప్పుకునే జవాబు చెబుతాడు. నీ ఏడుపు వల్ల నాకు మేలేమీ లేదంటాడు. దీపం చూపించి, ఇది ఆరిపోయింది నీ కన్నీళ్ల వల్లనే అంటాడు. పద్యం అయిపోతుంది.

మంచి పద్యమని చిన్నప్పుడు ఒప్పుకున్నాం. ఇప్పటికీ మంచి పద్యమే. ఆ మొదటి చీకటినీ అడుగులోని వణుకునూ ఇక్బాల్ పట్టుకున్న తీరు చూస్తే, కల తెలిసినవాడు రాశాడనిపిస్తుంది. ఆ చివరి మాట దగ్గర మాత్రం మాకిప్పుడు కోపం వస్తుంది. గ్రిమ్ సోదరులు సేకరించిన జర్మన్ జానపద కథల్లో ఇలాంటి కథే ఒకటుంది. చచ్చిపోయిన పసివాడు కఫన్ చొక్కాతో తల్లి మంచం దగ్గరికి వచ్చి, నీ కన్నీళ్లతో నా చొక్కా తడిసిపోయింది, నిద్ర పట్టడం లేదమ్మా అంటాడు. తల్లి ఏడుపు ఆపుతుంది. మరుసటి రాత్రి వాడు చిన్న దీపం పట్టుకుని మళ్లీ వస్తాడు. చూడమ్మా, చొక్కా ఆరిపోతోంది అని చెప్పి పోతాడు. ఆ తల్లికి రెండో రాత్రి ఉంది. ఇక్బాల్ తల్లికి రెండో రాత్రి లేదు. నింద దగ్గరే పద్యం ఆగిపోయింది. ఆ తల్లి లేచి కూర్చుని ఏం చేసిందో కవికి అక్కర లేకపోయింది. ఆమె దుఃఖం కవికి పాఠం చెప్పడానికి పనికొచ్చింది, అంతే. దుఃఖానికి హద్దు ఉండాలన్న మతబోధ తప్పని మేము అనడం లేదు. ఆ హద్దును చచ్చిన బిడ్డ చేత చెప్పించడమే మాకు కష్టంగా ఉంది.

ఈ కోపానికి కారణం ఇంట్లో ఉంది. మాకు ముందు పుట్టిన అన్న మూడేళ్లకు జ్వరంతో పోయాడు. మా అమ్మీ ఉర్దూ చదువుకున్న మనిషి. పోయినవాడి కోసం ఆమె ఏడ్చినప్పుడల్లా చుట్టాల్లో ఎవరో ఒకరు ఈ పద్యం గుర్తు చేసేవారట. పిల్లవాడి దీపం ఆర్పకు అని. ఆమె ఏడుపు ఆపేసింది. కల మాత్రం ఆగలేదు. మాకు ఊహ తెలిశాక ఎన్నోసార్లు చెప్పింది. కలలో వాడికి ఎప్పుడూ మూడేళ్లే. దీపం లేదు, పచ్చల బట్టలు లేవు. వంటింటి గడప మీద కూర్చుని ఉంటాడు. 'అమ్మా, ఆకలైతుంది' అంటాడు. తెలుగులో.

తెలుగులో ఎందుకమ్మీ అని అడిగాం ఒకసారి. ఇంట్లో మేమందరం ఉర్దూయే మాట్లాడతాం. వాడు పగలంతా పక్కింటి యాదమ్మ దగ్గరే ఉండేవాడట, వాడికి తెలుగే ముందు వచ్చిందట. ఉర్దూ వచ్చేలోపే పోయాడు. మా అమ్మీకి తెలుగు అంత బాగా రాదు. ముప్పై ఏళ్లు కూరగాయల వాళ్లతో, బడి పంతుళ్లతో తడుముకుంటూ మాట్లాడింది. కలలో మాత్రం వాడితో గడగడా తెలుగే మాట్లాడుతుందట. లేచాక ఆ మాటలు గుర్తుండవు. మాట్లాడానన్న సంతోషం మాత్రం మధ్యాహ్నం దాకా ఉంటుందట.

మీ మాతృభాష ఏదని జనాభా లెక్కల వాళ్లు అడుగుతారు. మీరు తెలుగువాళ్లా ముస్లింలా అని ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు అడుగుతారు. ముస్లింలకు తెలుగుతో ఏం సంబంధమని వ్యాసాలు రాసినవాళ్లున్నారు, తెలుగులో రాసే ముస్లింకు ఇస్లాంతో ఏం సంబంధమని అడిగినవాళ్లూ ఉన్నారు. వీళ్లందరికీ ఇవ్వడానికి మా దగ్గర వంటింటి గడప మీద కూర్చున్న ఆ మూడేళ్లవాడి కంటే పెద్ద జవాబు లేదు. ఇక్బాల్ పిల్లవాడు నిఖార్సైన ఉర్దూలో తల్లిని నిందించాడు. మావాడు వచ్చీరాని తెలుగులో బువ్వ అడిగాడు.

కల భావాన్ని దాచకుండా రాసిన ముస్లిం రచన లేదా అంటే ఉంది, అదీ మన దక్షిణాదిలోనే అచ్చయింది. రొకేయా సఖావత్ హుసేన్ 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు నుంచి వచ్చే 'ఇండియన్ లేడీస్ మేగజైన్'లో వచ్చింది. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్తియనాథన్ మన రాజమండ్రి ఆడపడుచు. రొకేయా బెంగాలీ ముస్లిం. పుట్టింట్లో ఆడపిల్లలకు బెంగాలీ, ఇంగ్లిష్ చదువు లేదు, తోబుట్టువుల దగ్గర దొంగచాటుగా నేర్చుకుంది. ఈ కథ ఇంగ్లిష్‌లో రాసింది. మగవాళ్లు మర్దానాలో పర్దాలో ఉంటారు, ఆడవాళ్లు సూర్యుడి వేడిని పట్టి దేశం నడుపుతారు. విమర్శకులు ఈ కథలోంచి స్త్రీవాదాన్ని తీశారు, విజ్ఞానాన్ని తీశారు, ఈమధ్య సౌరశక్తిని కూడా తీశారు. అన్నీ ఉన్నాయి, కాదనం. మాకు నచ్చేది కథ మొదట్లోని ఒక చిన్న చోటు. వెన్నెల రాత్రి, బయట నౌకర్లు నిద్రపోతున్నారు, ఫర్వాలేదులే అనుకుని సుల్తానా ముసుగు లేకుండా బయటికి నడుస్తుంది. నాలుగడుగులు వేశాక చూస్తే పట్టపగలు. వీధి నిండా జనం. అలవాటు లేని సిగ్గుతో ఆమె వేళ్లు వణుకుతాయి. పక్కనున్న సిస్టర్ సారా చేతిలో ఆ చెయ్యి ఉంది కనుక ఆమెకు తెలిసిపోతుంది. ఏమైందని అడుగుతుంది.

ఆ వణికే వేళ్లు లేకపోతే మిగతా కథంతా ప్రణాళికా పత్రం. స్వేచ్ఛ వచ్చిన కలలో కూడా సిగ్గు వెంట వచ్చిందని రొకేయా దాచలేదు. మా ఆపాలూ ఖాలాలూ మొదటిసారి బురఖా లేకుండా బస్సెక్కిన రోజు గురించి చెప్పేటప్పుడు ఆ వేళ్లే గుర్తొస్తాయి. బురఖా తోనే కాలేజీకి పోతానని పట్టుబట్టే ఈనాటి పిల్లల వేళ్లు ఏ కలలో వణుకుతాయో వాళ్లే రాయాలి. వాళ్ల కలకు మేము తాబీర్ చెప్పబోతే మేమూ దర్బారు పెద్దలమే అవుతాం.

మా నల్లగొండ వైపు సైదులు, సైదమ్మ అన్న పేర్లు ఇంటికొకటి ఉంటాయి. చాలామంది హిందువులే. పిల్లలు పుట్టకపోతే జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటారు, సైదులు కలలో కనపడ్డాడని చెప్పుకుంటారు, పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టుకుంటారు. ఆ కలకు తాబీర్ చెప్పమని వాళ్లు ఎవరినీ అడగరు. సైదులు కనపడ్డాడు, మనసు నిమ్మళమైంది, కందూరు చేశారు. మతసామరస్యం మీద ఉపన్యాసాలిచ్చే లౌకికవాద మిత్రులు, ఇదంతా మూఢత్వం అని ఒక చేత్తో కొట్టేసి ఇంకో చేత్తో సామరస్యానికి ఉదాహరణగా వాడుకుంటారు. యాదమ్మకు వచ్చిన సైదులు కలనూ మా అమ్మీకి వచ్చిన తెలుగు కలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఎంత బాగుండు.

విలేకరులం కనుక మమ్మల్ని బాగా సిగ్గుపరిచిన పుస్తకం మరొకటి. షార్లట్ బెరాట్ అనే యూదు విలేకరి 1933లో హిట్లర్ అధికారానికి వచ్చాక బెర్లిన్‌లో మనుషుల కలలు సేకరించింది. దర్జీని, పాలవాడిని, డాక్టర్‌ను, ఇరుగుపొరుగును అడిగింది. 1939లో దేశం విడిచిపోయేదాకా మూడువందల దాకా పోగుచేసింది. రాసినవాటిని పుస్తకాల అట్టల మధ్య దాచింది. హిట్లర్‌ను 'హాన్స్ మామ' అనీ, అరెస్టును 'ఫ్లూ జ్వరం' అనీ మారుపేర్లతో రాసుకుంది. ఉత్తరాలుగా పరదేశాలకు పంపింది. 1966లో పుస్తకం వేసింది. అందులో ఒక ఫ్యాక్టరీ యజమాని కల ఉంది. గోబెల్స్ వచ్చాడు. కార్మికులందరి ముందు సెల్యూట్ చెయ్యడానికి చెయ్యి ఎత్తాలి. అంగుళం అంగుళంగా అరగంట పట్టింది. ఎత్తాక, నీ సెల్యూట్ నాకక్కర లేదని గోబెల్స్ వెళ్లిపోయాడు. ఒక డాక్టర్‌కు తన ఇంటి గోడలు మాయమైనట్టు కల. చుట్టూ ఎవరి ఇళ్లకూ గోడల్లేవు. బెరాట్ ఈ కలలకు మనస్తత్వశాస్త్రం పూయలేదు. ఇవి ఫలానా కాలంలో ఫలానా మనుషుల మీద రాజ్యం వేసిన వేలిముద్రలన్నట్టు అలా పక్కపక్కన పేర్చింది.

1992 డిసెంబర్ తర్వాత, 2002 తర్వాత, మక్కా మసీదులో బాంబు పేలిన 2007 తర్వాత పాతబస్తీలో కుర్రాళ్లను పట్టుకుపోయినప్పుడు, మాలో ఎవరైనా ఇలా అడిగామా? మేము ఎన్నో ఇళ్లకు పోయాం. ఎవరిని ఏ స్టేషన్‌కు తీసుకుపోయారు, ఎన్ని రోజులు, లాయరెవరు అని రాసుకున్నాం. తల్లులు కల చెప్పబోతే, 'అమ్మా, అది కాదు, తారీఖు చెప్పండి' అన్నాం. అన్నది మేమే.

2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక, ఆ చలికాలంలో మొదటిసారి తారీఖులు పక్కనపెట్టి విన్నాం. కాగితాల కలలు ఊరంతా వస్తున్నాయి. ఒక సైకిల్ షాపు పెద్దాయనకు ట్రంకుపెట్టెలో తాతగారి పట్టా దొరికింది, విప్పితే అక్షరాలు లేవు, నీళ్లలో నానినట్టు నీలి మరక. ఒక బడిపంతులమ్మ క్యూలో నిలబడింది, వంతు వచ్చేసరికి తన పేరు తనకే గుర్తురాలేదు. ఒక కుర్రాడి కలలో ఆఫీసర్ చాలా మర్యాదగా కుర్చీ వేశాడు, చాయ్ ఇచ్చాడు, అంత మర్యాద చూసి భయమేసి లేచాడు. నవ్వుతూ చెప్పాడు ఆ కుర్రాడు. మేమూ నవ్వాం. ఇద్దరికీ చాలాసేపు నవ్వు ఆగలేదు, ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియలేదు.

ఇవి ఏ పత్రికలోనూ వార్తలు కావు. మేము పనిచేసే చోట ఇస్తే, దీనికి ఆధారం ఏమిటని వెనక్కి ఇచ్చారు. నిజమే, కలకు ఆధారం చూపించలేం. ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాం. చెప్పినవాళ్ల మాట చెప్పినట్టు, ఉర్దూ అయితే ఉర్దూ, తెలుగు అయితే తెలుగు, కలగలిపి చెబితే కలగలిపి. లేచాక ఏం చేశారన్నది తప్పకుండా అడుగుతున్నాం. కొందరు నమాజుకు లేచామన్నారు. కొందరు పిల్లల మీద దుప్పటి సరిచేశామన్నారు. సైకిల్ షాపు పెద్దాయన చీకట్లోనే లేచి నిజంగా ట్రంకుపెట్టె తీసి చూసుకున్నాడట. అక్షరాలు ఉన్నాయట. మళ్లీ మడిచి పెట్టబోతే చేతులు తడిగా ఉన్నాయేమోనని లుంగీకి తుడుచుకున్నాడట.

మంచి కల వస్తే మిమ్మల్ని ప్రేమించేవాళ్లకే చెప్పండి, చెడ్డ కల ఎవరికీ చెప్పకండి అని మా పెద్దలు హదీసుల మాటగా నేర్పారు. మా నోటుబుక్కు నిండా చెడ్డ కలలే. మాకెందుకు చెప్పారో, పారే నీళ్లలాగా కనిపించామో ఏమో తెలియదు. మా దాదీమా కల అందులో లేదు. ఆమె 2004లో పోయింది.

ఈ వ్యాసంలో అన్న సంగతి రాస్తున్నామని మా అమ్మీని అడిగాం. ఉర్దూలో చదివి వినిపించాం. ఇక్బాల్ మీద కోపం ఎందుకు, పాపం, ఆయన పిల్లల కోసం రాశాడు అన్నది. ఆ పిల్లవాడు ముఖం తిప్పుకున్నది కోపంతో కాదు, తల్లిని చూస్తే ఏడుపొస్తుందని అన్నది. వందసార్లు చదివిన పద్యంలో ఈ అర్థం మాకు తట్టలేదు. వాడి పేరు మాత్రం రాయవద్దన్నది. రాయలేదు.